దేహానికి తగిన కత్తిరింపు
(పాఠశాల ప్లాటినం ఉత్సవాల సందర్భంగా ధర్మపురిలో జరిగిన మాతృ సమావేశంలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)



75 సంవత్సరాలుగా ఈ ధర్మపురి పట్టణంలో తెలుగు అక్షరం నేర్పుతూ వచ్చిన పాఠశాల మనది. ఈ ఉత్సవాలలో భాషను గురించి, చరిత్రను గురించి, విద్యా విధానాన్ని గురించి విద్వాంసులు ప్రసంగించారు. తల్లులకు, బాలికలకు నిత్యజీవితంలో ఉపయోగపడే విషయమేదైనా చెప్పవలసినదని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. అందుకు నేను ఎన్నుకొన్నది కుట్టుపని. అందులోను, నిండుగా, లావుగా ఉన్న శరీరాలకు రవికలు, పరికిణీలు, చుడీదారులు సరిగా అమరేటట్లు నమూనాను మార్చుకొనే విధానం. ఈ మాట వినగానే కొందరు చిరునవ్వు నవ్వడం గమనించాను. ఆ నవ్వును కారణంగా తీసుకొనే ఈ విషయాన్ని ఇంత పెద్ద సభలో మాట్లాడుతున్నాను.

ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతి ఒకటున్నది. ఎనిమిదవ తరగతికో, తొమ్మిదవ తరగతికో వచ్చేసరికి కొందరు బాలికలు వ్యాయామ తరగతినాడు తలనొప్పి అంటారు. వార్షికోత్సవపు నాట్యంలో పేరు ఇచ్చి, దుస్తులు పంచే రోజున మానుకొంటారు. నల్లబల్లపై లెక్క చేయడానికి పిలిస్తే, చేయి ఎత్తితే చంకలో కుట్టు విడిపోతుందనే భయంతో లేవడానికి సంకోచిస్తారు. ఆ పిల్లలకు లెక్క రాక కాదు, చొక్కా చాలక. దుస్తు పట్టని తప్పు దుస్తుదే అయినా, ఆ తప్పును పిల్ల తన దేహానిదిగా భావిస్తుంది. ఆ భావన ఒకసారి మనసులో నాటుకొన్న తరువాత దానిని పెరికివేయడం ఏ ఉపాధ్యాయినికీ సులభం కాదు. తల్లుల విషయమూ ఇంతే. బిగుసుకొన్న రవికను దాచడానికి ఎండాకాలంలో కూడ కొంగును రెండు భుజాల మీదుగా కప్పుకొని పాఠశాలకు వచ్చే తల్లులు మన మధ్యనే ఉన్నారు.

వీరు ఎక్కడో ఒకరో ఇద్దరో కారు. 2019 - 21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడండి. తమిళనాడులో 15 నుండి 49 సంవత్సరాల మధ్య వయసున్న స్త్రీలలో 40.4 శాతం మంది, అనగా నూటికి 40 మంది, అధిక బరువు గలవారని తేలింది. దేశం మొత్తానికి ఆ సంఖ్య 24 శాతం. బరువు ఎంత ఉండాలనేది వైద్యులతో మాట్లాడవలసిన విషయం. దర్జీ దుకాణంలోనో, తరగతి గదిలోనో తీర్పు చెప్పవలసినది కాదు. అయితే నూటికి 40 మందిని మినహాయింపుగా భావించే కొలతల పట్టికలో లోపమున్నదని మాత్రం ఎవరైనా ఒప్పుకొనవలసిందే.

ఈ పట్టికలు ఎక్కడి నుండి వచ్చినవో కొంచెం చెప్పుకొందాం. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో వేర్వేరు పరిమాణాలలో కాగితపు నమూనాలను తయారుచేసి అమ్మడం ప్రారంభించాడు. ఇంట్లో కుట్టుకొనే స్త్రీలకు అది గొప్ప మేలు చేసింది. తరువాత ఆ దేశ ప్రభుత్వమే 1939 - 40 సంవత్సరాలలో దాదాపు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిపించి, 1941లో ఫలితాలను ప్రచురించింది. అందులో తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే లెక్కలోనికి తీసుకొన్నారు. అటువంటి పునాదిపై పెరిగిన పట్టికలే పుస్తకాల ద్వారా, యంత్రాల ద్వారా లోకమంతటా వ్యాపించాయి. మన దేశంలో మనవారి దేహాలను కొలిచి సొంత పట్టిక తయారు చేయవలెనని కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ కలిసి 2018లో ఒక సర్వేను ప్రకటించాయి. హైదరాబాదుతో సహా ఆరు నగరాలలో 25,000 మందిని కొలవాలన్నది ఆ ప్రణాళిక. సంతోషించవలసిన ప్రయత్నమే. అయినా ఎంత పెద్ద పట్టికైనా సగటును చెబుతుంది కాని, మన ఇంటిలోని మనిషిని చెప్పదు. ఆ మనిషిని కొలవవలసిన టేపు మన చేతిలోనే ఉన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన ఊళ్ళలో రవిక కత్తిరించే పద్ధతి మీ అందరికీ తెలిసినదే. ఛాతీ చుట్టుకొలత ఒక్కటి తీసుకొని, దానిలో నాలుగవ వంతు వెడల్పు, పన్నెండవ వంతు మెడ, చంక లోతుకు మరొక భాగం, ఇట్లా అన్నింటినీ ఒకే సంఖ్యనుండి రాబడతారు. గణితంలో దీనిని అనుపాతం అంటాము. మధ్యరకం శరీరాలకు ఈ లెక్క చాలవరకు సరిపోతుంది. లావైనవారి దగ్గర మాత్రం తప్పుతుంది. ఎందుకని? కండ పెరిగినంతగా ఎముక పెరగదు గనుక.

ఒక ఉదాహరణ తీసుకొందాం. పెండ్లినాటికి 36 అంగుళాల ఛాతీ ఉన్న స్త్రీకి, ఇద్దరు బిడ్డల తల్లి అయిన తరువాత 46 అంగుళాలు అయిందనుకొనండి. పన్నెండవ వంతు లెక్క ప్రకారం మెడకు ఒక్కొక్క ప్రక్క మొదట 3 అంగుళాలు, అనగా మొత్తం 6 అంగుళాల వెడల్పు వచ్చేది. ఇప్పుడు అదే లెక్క ఆమెకు 7 అంగుళాల మూడింట రెండు వంతుల వెడల్పు ఇస్తుంది. ఆమె మెడ, భుజాల ఎముకలు మాత్రం ఉన్నచోటనే ఉన్నవి. కనుక రవిక భుజంమీద నిలువక జారిపోతుంది. చంక లోతు కూడ అవసరానికి మించి దిగిపోవడం వల్ల చేయి ఎత్తగానే రవిక మొత్తం పైకి లేస్తుంది. ఇంతా చేసి, నిజంగా గుడ్డ కావలసిన ఛాతీ ముందు భాగంలో హుక్కులు నోరు తెరుస్తాయి. ఎందుకంటే 10 అంగుళాల పెరుగుదలను లెక్క నాలుగు దిక్కులకూ సమానంగా పంచిపెట్టింది. దేహం అట్లా పంచుకొనలేదు. ఒకరికి ముందు పెరుగుతుంది, ఒకరికి వీపున, ఒకరికి చేతులలో, ఒకరికి పొట్టలో. అందువల్ల పెరిగినచోట పెంచి, పెరగనిచోట ఉన్నదున్నట్లు ఉంచడమే ఈ విద్యలోని ప్రధాన సూత్రం.

దీనికి రెండు ఛాతీ కొలతలు తీసుకొనాలి. మొదటిది పై ఛాతీ. టేపును వీపుమీదుగా, చంకల క్రిందుగా తెచ్చి, స్తనాలకు పైభాగాన కలపాలి. ఇది ఎముకల చట్రానికి దగ్గరగా ఉండే కొలత. రెండవది నిండు ఛాతీ, అనగా అత్యధికమైన చుట్టుకొలత. సాధారణంగా తయారయ్యే కాగితపు నమూనాలలో ఈ రెండింటికీ 2 అంగుళాల తేడా ఉంటుందని భావించి గీస్తారు. కనుక పై ఛాతీకి 2 అంగుళాలు కలిపి, ఆ పరిమాణపు నమూనాను ఎన్నుకొనాలి. ఇంట్లో లెక్క కట్టి గీసుకొనేవారు మెడ, భుజం, చంక లోతులకు ఆ సంఖ్యనే వాడాలి. మన ఉదాహరణలోని తల్లికి పై ఛాతీ 40 అనుకొంటే, నమూనా 42 పరిమాణంలో గీయాలి. నిండు ఛాతీ 46 గనుక ఇంకా 4 అంగుళాలు కావాలి. ఆ 4 అంగుళాలు ముందు భాగపు రెండు ముక్కలలోనే, ఒక్కొక్క ముక్కకు 2 అంగుళాల చొప్పున చేరాలి. వీపు ముక్కను ముట్టుకొనవద్దు.

ఎట్లా చేర్చాలో చెబుతాను. తల్లులు కాగితం మీద వ్రాసుకొంటే మంచిది. పాత దినపత్రిక మీద రవిక ముందు ముక్కను గీసి కత్తిరించండి. స్తనాగ్రం వచ్చే చోట ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కనుండి తిన్నగా క్రింది అంచు వరకు ఒక గీత, చుక్కనుండి ఏటవాలుగా పైకి, చంక వంపులోని క్రింది భాగానికి రెండవ గీత, చుక్కనుండి ప్రక్కకుట్టు వరకు మూడవ గీత గీయండి. క్రింది అంచునుండి చుక్క వరకు కత్తిరించి, అక్కడినుండి చంక వైపు తిరిగి, చంక అంచు తెగకుండ ఒక నూలుపోగంత వదలండి. అది తలుపుకు మడతబందు వంటిది. ప్రక్కకుట్టునుండి మూడవ గీతను కూడ కత్తిరించి, చుక్క దగ్గర అట్లే కొద్దిగా వదలండి. ఇప్పుడు ప్రక్కభాగాన్ని మెల్లగా బయటికి జరిపితే చుక్క దగ్గర కాగితం తెరుచుకొంటుంది. ఆ ఖాళీ 2 అంగుళాలయ్యేవరకు జరపండి. క్రింది గీత రెండు అంచులు సమాంతరంగా ఉండాలి. అదే సమయంలో ప్రక్కకుట్టు వైపు మూడవ గీత తనంతట తాను త్రికోణంగా తెరుచుకొంటుంది. ప్రక్కభాగం క్రిందికి దిగినందువల్ల హుక్కుల వైపు అంచు పొట్టిగా కనబడుతుంది. ఆ వైపు ముక్కను అడ్డంగా కత్తిరించి, రెండు అంచులు సమమయ్యేవరకు క్రిందికి దించండి. ఖాళీలన్నింటి వెనుక మరొక కాగితం అంటించండి. నమూనా సిద్ధమైంది.

దీనిలోని అందం గమనించండి. భుజం మారలేదు, మెడ మారలేదు, చంక చుట్టుకొలత మారలేదు. వెడల్పు, పొడవు రెండూ కావలసినచోట మాత్రమే పెరిగాయి. ప్రక్కన తెరుచుకొన్న త్రికోణాన్ని డాటుగా కుట్టాలి. నడుము దగ్గర ఎక్కువైన వెడల్పు అవసరం లేకపోతే దానిని క్రింది డాటులో కలపాలి. అయితే ఒకే డాటులో ఎక్కువ గుడ్డను మడిస్తే అది కొండశిఖరంవలె పొడుచుకొని వస్తుంది. మన రవికలకు చంక దగ్గర, హుక్కుల దగ్గర, నడుము దగ్గర, ప్రక్కన డాట్లు వేసే అలవాటున్నది కదా! ఆ గుడ్డను వాటన్నింటికీ పంచితే ఛాతీ గుండ్రంగా, సహజంగా అమరుతుంది. డాటు మొన చుక్కను తాకకూడదు. నిండైనవారికి ఒకటిన్నర నుండి 2 అంగుళాల దూరంలోనే ఆగాలి. డాట్లకు బదులు భుజంనుండిగాని, చంకనుండిగాని క్రిందికి సాగే కుట్టు వేసే ప్రిన్సెస్ కట్ కూడ ఇటువంటివారికి ఎంతో అనుకూలం.

నిలువు కొలతలను చాలామంది దర్జీలు అడగరు. మీరే అడిగించుకొనండి. భుజం మీదినుండి స్తనాగ్రం వరకు ఎంత, అక్కడినుండి రవిక అంచు వరకు ఎంత, రెండు స్తనాగ్రాల మధ్య దూరమెంత, ఈ మూడూ కావాలి. వయసుతోబాటు ఆ చుక్క క్రిందికి దిగుతుంది. ఇరవై యేండ్లనాటి కొలత రవికను నమూనాగా దర్జీకి ఇస్తూ పోతే ఆ డాటు ఎన్నటికీ సరియైన చోట పడదు.

ఇక చేతులు. చేయి లావైనవారికి దర్జీలు సాధారణంగా చేతిముక్కను అన్ని వైపులా పెద్దది చేస్తారు. అప్పుడు అది చంకతో కలవక కుచ్చులు పడుతుంది. దీనికి మార్గమున్నది. చేతి ముక్కను నిలువుగా మధ్యకు, అడ్డంగా చేయి అత్యధికంగా లావున్నచోట కత్తిరించి, నాలుగు కొనలలోను పోగంత వదలి, అడ్డగీత రెండు కొనలను చెరొక ప్రక్కకు లాగండి. మధ్యలో వెడల్పు పెరుగుతుంది, పైవంపు ఎత్తు కొంచెం తగ్గుతుంది, వంపు అంచు పొడవు మాత్రం అంతే ఉంటుంది. కనుక చంకతో చక్కగా కలుస్తుంది. వంపు ఎత్తు తగ్గినందువల్ల చేయి ఎత్తడం కూడ సులభమవుతుంది. చేతి చుట్టుకొలత 15 అంగుళాలైతే ముక్క వెడల్పు 16 నుండి 16న్నర అంగుళాలుండాలి. ఇది కష్టమనిపించినవారు చంక క్రింద చతురస్రపు ముక్క ఒకటి ఐమూలగా అతికితే చాలు. పాతకాలపు జుబ్బాలకు, అంగీలకు ఆ ముక్క ఉండేది. చేయెత్తి పని చేసుకొనే మనిషికి ఏమి కావలెనో ఆనాటి కుట్టుపనివారికి బాగా తెలుసు.

వీపు విషయంలో ఒక్కమాట. మెడ వెనుక లోతుగా ఉంచుకొనే వేడుక ఉన్నవారు ముందు మెడను, వెడల్పును తగ్గించుకొనాలి. రెండు వైపులా లోతుగా, వెడల్పుగా ఉంచితే భుజంమీద నిలిచేందుకు గుడ్డకు ఆధారముండదు. వెనుక నాడా కట్టుకొంటే భుజం జారదు.

పరికిణీ, చుడీదారు, పాఠశాల పావడాల విషయంలో పొట్టను మరువకూడదు. ముందు పొట్ట ఎత్తుగా ఉన్నప్పుడు పావడా ముందు అంచు పైకి లేచి, వెనుక అంచు దిగి కనబడుతుంది. నడుము దగ్గర ముందు భాగపు మధ్యలో ఒక అంగుళం ఎత్తు చేర్చి, ప్రక్కలకు వచ్చేసరికి దానిని శూన్యం చేస్తే అంచు చుట్టూ సమంగా నిలుస్తుంది. కుచ్చులను నడుమునుండే విప్పివేయక, 3, 4 అంగుళాలు క్రిందివరకు అణచి కుట్టి, అక్కడినుండి వదలాలి. పిరుదుల కొలతను నిల్చున్నప్పుడే కాక, కూర్చున్నప్పుడు కూడ తీసుకొనాలి. నేలమీద చాప పరచి కూర్చొనే పిల్లలకు ఆ రెండు కొలతలకు చాలా తేడా ఉంటుంది. చుడీదారు చీలిక, పిరుదుల అత్యధిక వెడల్పుకు కొంచెం పైన మొదలు కావాలి. క్రింద మొదలైతే నడిచేటప్పుడు ఆ మూల చినుగుతుంది.

మొదటిసారి మంచి గుడ్డను కత్తిరించకండి. పాత చీర ముక్కతో చిత్తు రవిక కుట్టి తొడిగి చూడండి. ముడుతలను చదవడం నేర్చుకొనండి. ఏ స్థలంవైపు గీతలు లాగుతున్నవో ఆ స్థలంలో గుడ్డ చాలలేదు. ఎక్కడ గుడ్డ వదులుగా మడతపడి వ్రేలాడుతున్నదో అక్కడ ఎక్కువైంది. కుట్టేముందు నూలు గుడ్డను తప్పక నీటిలో తడిపి ఆరబెట్టండి. పడుగు పోగు ముక్క నిలువునా తిన్నగా ఉండేటట్లు నమూనాను పరచండి. ప్రక్కకుట్టులో అంగుళం నుండి ఒకటిన్నర అంగుళం వరకు లోపల వదలండి. ఎదిగే బాలికకు ఆ గుడ్డ ఒక సంవత్సరపు ఆయుర్దాయం.

లావైనవారికి ఏది అందమనే విషయంలో లోకంలో చాలా మాటలున్నవి. అడ్డగీతల చీర కట్టరాదని, పెద్ద పువ్వులు పనికిరావని, ఎప్పుడూ ముదురు రంగే ధరించాలని చెబుతుంటారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే అడ్డగీతలు గీసిన చతురస్రం ఉన్నదానికంటె పొడవుగా, సన్నగా కనబడుతుందని గమనించాడు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు స్త్రీ ఆకృతులపై గీతలు వేసి పరీక్షించి, అడ్డగీతలు మనిషిని లావుగా చూపవని 2011లో ప్రచురించారు. కనుక తరతరాలుగా భయపెట్టి మాన్పించిన చీరలను నిశ్చింతగా కట్టుకొనవచ్చును. నా అనుభవంలో అందానికి ఆధారమైనవి మూడే. భుజం కుట్టు భుజం మీదనే నిలవడం, ఛాతీ డాటు సరియైన చోట ఉండడం, చేతి అంచు చేయి అత్యధికంగా లావున్నచోట ఆగకుండ దానికి కొంచెం పైననో, క్రిందనో ఆగడం. అతి వదులైన దుస్తు ఎవరినీ సన్నగా చూపదు, అతి బిగువైనది ఎవరికీ ఊపిరి ఆడనివ్వదు.

ఇప్పుడు మన ఆచారంలోని ఒక చిన్న విషయాన్ని మనవి చేస్తాను. పేరంటంలో తాంబూలంతో రవికగుడ్డ పెట్టడం మనకు అనాదిగా వస్తున్న మర్యాద. తమిళ సోదరీమణులు కూడ 'రవిక్కై' అనే అంటారు. రెండు భాషలలోను ఇంటిమాటగా నిలిచిన పదమిది. అయితే నేడు దుకాణాలలో తాంబూలం కోసం కత్తిరించి ఉంచే గుడ్డ, చీరకు జతగా వచ్చే గుడ్డ సాధారణంగా 80 సెంటీమీటర్లు. 46 అంగుళాల ఛాతీ ఉన్నవారికి ముందు, వెనుక ముక్కలు తీసేసరికే అది అయిపోతుంది. చేతులకు మిగలదు. మీటరు గుడ్డ కావాలి. పొడవు చేతులైతే మీటరుంపావు కావాలి. అందువల్ల ఎందరో ముత్తయిదువల పెట్టెలలో ఆశీస్సుగా వచ్చిన రవికగుడ్డలు కుట్టించుకొనే వీలులేక అట్లే దొంతరలుగా పడి ఉన్నవి. 'మీకిది చాలదు' అని చెప్పే కానుకను మర్యాద అనగలమా? ఇప్పటికే ఉన్న గుడ్డలకు మాత్రం ఉపాయమున్నది. చేతులను చీర అంచు రంగులో వేరే గుడ్డతో కుట్టవచ్చును. ప్రక్కకుట్టులో చంకనుండి నడుము వరకు సన్నని పట్టీ అతకవచ్చును. అది చేయి క్రింద దాగి ఉంటుంది.

కొలత తీయడంలోని మర్యాదను గురించి ఉపాధ్యాయినులకు, కుట్టుపని చేసే పూర్వ విద్యార్థినులకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. బాలికకు కొలతలు తీసేటప్పుడు ఆమె అనుమతి అడగాలి. నలుగురి ఎదుట కాక, తెర చాటున, స్త్రీలే తీయాలి. సంఖ్యను గట్టిగా పలుకకుండ మౌనంగా వ్రాసుకొనాలి. 'అబ్బో' అనే ఒక్క ఆశ్చర్యార్థకం ఆ పిల్ల చెవిలో పదేళ్ళు మ్రోగుతుంది. కొలత ఒక అంకె మాత్రమే. చెప్పు కొలతకు సిగ్గుపడని మనం ఛాతీ కొలతకు ఎందుకు సిగ్గుపడాలి?

ఈ విద్య జీవనోపాధి కూడ. మన జిల్లా ఆడపిల్లలు ఎందరో తిరుప్పూరు, బెంగుళూరు దుస్తుల కర్మాగారాలలో పనిచేస్తున్నారు. అక్కడ రోజంతా ఒకే చేతిముక్కను అతికే పని దొరుకుతుంది కాని, మనిషిని చూసి నమూనా గీయడం ఎవరూ నేర్పరు. దానిని నేర్చిన స్త్రీకి సొంత ఊరిలోనే గిరాకీ ఉన్నది. ఎందుకంటే లావైనవారికి చక్కగా కుట్టే దర్జీని వెదకి వెదకి పది మైళ్ళయినా పోతారు, మరొకరికి చెబుతారు, మానరు. చేతివిద్య స్త్రీకి స్వాతంత్ర్యమిస్తుందని దుర్గాబాయమ్మగారు గుర్తించి, మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ద్వారా చదువుతోబాటు చేతిపనులకూ చోటు కల్పించారు. మన జిల్లాలోనే సిట్టిలింగి లోయలో లంబాడీ స్త్రీలు 'పోర్గై' అనే సంఘంగా కూడి, తమ తల్లుల నాటి సూదిపనిని తిరిగి బ్రతికించుకొన్నారు. వారి భాషలో ఆ మాటకు ఆత్మగౌరవమని అర్థం. సూదికి, ఆత్మగౌరవానికి ఉన్న సంబంధాన్ని ఆ ఒక్క మాట చెబుతున్నది.

మరొక కారణంచేత కూడ ఈ విషయాన్ని తెలుగులో చెప్పదలచాను. 1965లో సేలం జిల్లానుండి ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారు మనతో ఒకే జిల్లాలో ఉండేవారు. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వల్ల మన పిల్లలు తమిళాన్ని మొదటి భాషగా చదువుతున్నారు. ఈ గడ్డ భాషను వారు చక్కగా నేర్చుకొనవలసిందే. దానితోబాటు పడుగు, పేక, ఐమూల, అస్తరు, కాజా, కుచ్చు అనే మాటలు కూడ వారి నోట నిలవాలంటే, ఆ మాటలతో పనిబడాలి. పాఠ్యపుస్తకంలో ఉన్న మాటకంటె చేతిపనిలో ఉన్న మాట ఎక్కువకాలం బ్రతుకుతుంది.

చివరగా, ఈ ఉత్సవ సంవత్సరానికి గుర్తుగా మూడు నిర్ణయాలను మీ ముందు ఉంచుతున్నాను. మొదటిది, మన పాఠశాల వేడుకలలో నాట్యానికైనా, నాటకానికైనా ముందు పిల్లలను ఎన్నుకొని, తరువాతనే వారి కొలతలకు దుస్తులు కుట్టిస్తాము. దుస్తులకు సరిపోయే పిల్లలను వెదకము. రెండవది, శనివారాలలో మధ్యాహ్నం రెండు గంటలపాటు తల్లులకు, పై తరగతుల బాలికలకు కుట్టుపని తరగతి నడుపుతాము. కుట్టు తెలిసిన పూర్వ విద్యార్థినులు నెలకొక శనివారం మాకు దానం చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను. పిల్లల ఏకరూప దుస్తులు ఎవరికి చాలకపోయినా అక్కడే, ఆ తరగతిలోనే, పేరు బయటపెట్టకుండ సరిచేసి ఇస్తాము. మూడవది, ఈ రోజు సభానంతరం తల్లులందరికీ తాంబూలంతోబాటు పాఠశాల పక్షాన రవికగుడ్డ ఇస్తున్నాము. ప్రతి గుడ్డా నిండుగా మీటరుంపావు ఉన్నది. సన్ననివారికి మిగిలితే ఇంటిలోని చంటిపాపకు జుబ్బా కుట్టుకొనవచ్చును. లావైనవారికి మాత్రం తక్కువ కాదు.